మా యారాలి పత్తాలు

అక్క పోయిందన్న కబురు కూడా ముందు నా కూతురికే వచ్చింది.

ఆ పొద్దున నేను వంటింట్లో పచ్చిపులుసుకి చింతపండు పిసుకుతున్నాను. మేడ్చల్ ఆసుపత్రి నుంచి మా బావగారు ఫోన్ చేశారు. ముందుగదిలో ఆయన తమ్ముడున్నాడు, వంటింట్లో మరదల్ని నేనున్నాను. ఆయన చేసింది మాత్రం మా ఇంట్లో అందరికంటే చిన్నదానికి. అది గుమ్మంలోకి వచ్చి, "అమ్మా, పెద్దమ్మ పోయింది" అంది. నేను చేతులు కడుక్కునేలోపు చెప్పులైనా వేసుకోకుండా పక్కింటికి పరుగెత్తింది. ఏడవడానికి నా భుజం అక్కడే ఉంది. అది పోయి పెద్దమ్మ కూర్చునే కుర్చీ పట్టుకుని ఏడ్చింది.

పోయిన మనిషిని తలుచుకుంటూ ఈ కుళ్లు ఏమిటని మీకు అనిపించవచ్చు. ఆమె గురించి మంచి మాటలు చెప్పేవాళ్లు మేడ్చల్ నుంచి సుచిత్ర చౌరస్తా దాకా ఉన్నారు. పదకొండో రోజున అందరూ వచ్చి చెప్పారు కూడా. నేను ఒక మూల కూర్చుని విన్నాను. నాకు తెలిసిన అక్క వాళ్ల మాటల్లో లేదు. ఇన్నేళ్లు ఆమెను చూసి కడుపు మండించుకున్నదాన్ని నేను. అంత దగ్గరగా ఆమెను ఇంకెవరు చూసి ఉంటారు? అందుకే నేనూ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆమె నాకు తోడబుట్టింది కాదు. మా ఆయన అన్న భార్య. తోడికోడలు అనండి, మా దిక్కున యారాలు అంటారు. నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది. శామీర్‌పేట చెరువు దాటి లోపలికి పోతే మా ఊరు. ఒకప్పుడు మా మామగారి ద్రాక్షతోట ఉన్న చోటే ఇప్పుడు మా రెండిళ్లు ఉన్నాయి, వెనకాల బావగారి వెంచర్ ఉంది. తోట తీసేసినప్పుడు పందిరిని మోసిన రాతి కడీలు మిగిలితే, అన్నదమ్ములిద్దరూ వాటినే వరసగా పాతి ఇళ్ల మధ్య గోడ చేశారు. కడీకీ కడీకీ మధ్య సందు. అవతల తాలింపు వేస్తే ఇవతల తుమ్ములు. మాట వినపడుతుంది, మనిషి సరిగా కనపడదు.

అక్క ముందుగది కిటికీకి బావగారు రంగుటద్దాలు పెట్టించారు. సాయంత్రం ఆమె లోపల లైటు వేస్తే ఆ ఎరుపూ పసుపూ గోడ దాటి మా వాకిట్లో పడేవి. అది కూడా నాకు నచ్చేది కాదు. మా కిటికీకి మామూలు అద్దాలే.

ఇక పత్తాల సంగతి. పత్తాలంటే మా దిక్కున పేకముక్కలు. బౌరంపేట్‌లో గేట్లు, పూలకుండీలు ఉన్న ఆ విల్లాల్లో ఒకటి బావగారు ఒకామెకు ఇప్పించారు. ఆమె గృహప్రవేశానికి అక్కనూ నన్నూ ఇద్దరినీ తీసుకుపోయారు. ఇద్దరినీ అన్నాను, గమనించండి. హాల్లో టీపాయ్ మీద ఒక చిన్న పెట్టె ఉంది. నేను ఆ ఇంటి గ్రానైట్ చూస్తున్నాను. అక్క పెట్టె తెరిచింది.

"ఏందమ్మా గివి, పత్తాలా? రాజున్నడు, రాణున్నది. మరి గీ ఎముకలోడెవడు?" అంది.

ఆ ఇంటామె పగలబడి నవ్వింది. టారో కార్డులు అంటారని, మనసులో మాట తెలుసుకోవడానికి చూస్తారని చెప్పింది. వచ్చేటప్పుడు ఆ పెట్టె అక్క చేతిలో పెట్టింది. నాకు అందరికీ ఇచ్చే స్టీలు గిన్నె ఇచ్చింది. గ్రానైట్ బదులు నేను ఆ పెట్టె చూసుంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

పెట్టెలో చిన్న పుస్తకం ఉంది, మొత్తం ఇంగ్లీషు. అక్క చదివింది తెలుగు మీడియంలో పదో తరగతి. అప్పటికి నా కూతురు ఫార్మసీ చదువుతోంది. "బిడ్డా, గీ ఇంగ్లీషేందో జర చెప్పు" అని దాన్ని పిలిచింది. ఇక అంతే. కాలేజీ బస్సు దిగడం, సంచి మా అరుగు మీద పడేయడం, గోడ చివరి సందులోంచి అవతలికి దూరడం. నా బీపీ మాత్రల చీటీ మీద ఏముందో చదవమంటే "తర్వాతమ్మా" అనే పిల్ల, వాళ్ల పెద్దమ్మకు ఒక్కో కార్డూ ఒక్కో సాయంత్రం చదివి చెప్పేది. గోడ ఇవతల అంట్లు తోముతూ నేనూ ఆ పాఠాలు విన్నాను. నాకూ సగం వచ్చాయి. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ తెలియదు.

మా అత్తకు మొదట్లో ఒళ్లు మండిపోయింది. "ఇంటికి పెద్ద కోడలివి, మగోళ్లు తాళ్లల్ల కల్లుకాడ కూసొని ఆడినట్టు పత్తాలు కలుపుడేందే?" అని అరిచింది. అరవడం చూసి నాకు సంతోషం వేసింది, దాచుకోవడం ఎందుకు. ఆ సంతోషం వారం కూడా నిలవలేదు. అత్తే పోయి అక్క పక్కన కూర్చుని బొమ్మలకు పేర్లు పెట్టడం మొదలుపెట్టింది. కిరీటం పెట్టుకుని పంటచేలో కూర్చున్నామెను పోచమ్మ తల్లి అంది. తలకిందులుగా వేలాడేవాణ్ని చూసి, "తాటిచెట్టు మీద మోకు జారినట్టున్నది, పాపం" అంది. లాంతరు పట్టుకున్న ముసలాయన వెంచర్ వాచ్‌మన్ అయ్యాడు. ఆ పేర్లే ఊరంతా పాకిపోయాయి. ఇంగ్లీషు పేర్లు నా కూతురికీ గోడ వెనక నాకూ తప్ప ఎవరికీ గుర్తులేవు.

ఆడవాళ్లు రావడం ఎలా మొదలైందో చెప్పలేను. మొదట చెరువు దగ్గర చేపలమ్మే ఆమె వచ్చింది. తర్వాత కుత్బుల్లాపూర్ కాలనీల నుంచి ఫ్యాక్టరీకి పోయే వాళ్లు, సుచిత్ర అపార్ట్‌మెంట్ల నుంచి స్కూటీలు వేసుకుని వచ్చేవాళ్లు. అక్క ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. జోస్యం చెప్పమంటే మాత్రం కోప్పడేది.

"రేపేమైతదో నాకేం ఎరుక? పొద్దున పాలోడు వస్తడో రాడో గూడ నాకెరుకలేదు. నేను ఇయ్యాలటి సంగతే అడుగుత" అనేది.

నిజంగా అడిగేదే తప్ప చెప్పేది కాదు. ఒక్క కార్డు తీయించి స్టూలు మీద పెట్టి, "గీ బొమ్మల నువ్వు యాడున్నవో చూపెట్టు" అనేది. అది మొదటి ప్రశ్న. అందరి ముందే అడిగేది. సుచిత్ర నుంచి వచ్చిన ఒక కోడలు అత్తతో పడక ఇల్లు మారాలా వద్దా అని వచ్చింది. పిడుగు పడి మేడ కూలుతున్న కార్డు వచ్చింది. పైనుంచి ఇద్దరు తలకిందులుగా పడుతుంటారు. అందరం అయ్యో పాపం అనుకున్నాం. ఆ పిల్ల చాలాసేపు చూసి, "నేను గీ పిడుగునక్కా" అంది. అక్క నవ్వలేదు. "మంచిది, గా మాట మీదికెల్లి మాట్లాడుకుందాం" అంది. ఇంకొకామె తెల్ల గుర్రం మీద ఎముకల మనిషిని చూసి లేచి వెళ్లిపోబోతే, అక్క ఆమె చెయ్యి పట్టుకుని, "గుర్రాన్ని ఎందుకు చూస్తున్నవ్, కింద పువ్వు పట్టుకున్న పోరిని చూడు. గా పోరి భయపడ్తున్నదా?" అంది. ఆమె కూర్చుంది. భర్త పోయాక రెండేళ్లుగా తెరవని కుట్టుమిషన్ ఆ నెలలోనే తెరిచిందని తర్వాత విన్నాను.

రెండో ప్రశ్న మాత్రం తలుపు దగ్గరికి వేసి అడిగేది. అదేమిటో బయటికి వచ్చినవాళ్లు ఎవరూ చెప్పేవాళ్లు కాదు. లోపలికి పోయేటప్పుడు ఒక ముఖం, వచ్చేటప్పుడు ఇంకో ముఖం. కొందరు కళ్లు తుడుచుకుంటూ వచ్చేవాళ్లు, కొందరు వాళ్లలో వాళ్లే నవ్వుకుంటూ. చేపలమ్మే ఆమెను ఒకసారి గేటు దగ్గర పట్టుకుని, ఏమడిగిందని నిలదీశాను.

"అది చెప్పేది గాదు వదినా. మీ యారాలే గద, నిన్ను ఎప్పుడో అడిగే ఉంటది" అంది.

అడగలేదు. అక్కకు ఒక కట్టుబాటు ఉండేది. ఇంటి మనుషులకు పత్తా తీయదు. మా ఆయన అడిగితే తీయలేదు, బావగారికి తీయలేదు, నాకు అసలే తీయలేదు. "నీ మొఖం చూస్తె నాకు ముందే ఎరుకైతది చెల్లె. ఇగ బొమ్మెందుకు?" అనేది. మరి నా కూతురికి తీస్తావు కదా అంటే, "అది నాకు సార్ గదనే. సార్లు ఇంటోళ్ల కిందికి రారు" అనేది. మండలంలో సగం మంది ఆడవాళ్లకు తెలిసిన ప్రశ్న, నా కడుపున పుట్టినదానికి తెలిసిన ప్రశ్న, గోడ ఇవతల ఉన్న నాకు తెలియదు. ఆ కట్టుబాటు నన్ను దూరం పెట్టడానికేనని అనుకున్నాను.

అయినా ఆమె చేసిన పనులు చూసి నేర్చుకోకుండా ఉండలేకపోయాను, ఆ మాటా చెప్పాలి. రోజూ పొద్దున ఒక పత్తా తీసి ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించేది. ఆ రోజంతా ఆ బొమ్మకు తగ్గట్టు ఉండాలని పంతం. వాచ్‌మన్ ముసలాయన వస్తే ఆ రోజు ఫోన్ తీసి బియ్యం డబ్బాలో పెట్టేది. ఎవరు చేసినా దొరికేది కాదు. రెండు గిన్నెల్లో నీళ్లు అటూ ఇటూ పోసే దేవకన్య వస్తే, ఎవరి మీదా గొంతు లేపేది కాదు. వెంచర్ ప్లాట్ల దగ్గర గొడవపడి మనుషులు ఇంటి మీదికి వచ్చిన ఒక రోజున ఆ దేవకన్యే ఫ్రిజ్ మీద ఉంది. అక్క వాళ్లందరినీ కూర్చోబెట్టి, టీని ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి ఎత్తి పోస్తూ, చల్లారేదాకా ఎవరికీ ఇవ్వలేదు. టీ చల్లారేసరికి వాళ్లూ చల్లారారు. నాకూ అలా టీ పోసి కడీల సందులోంచి ఇచ్చేది. "పట్టు చెల్లె" అని గాజుల చెయ్యి ఇటు వచ్చేది. ముఖం కనపడేది కాదు.

బావగారు వార్డు మెంబరుగా నిలబడ్డప్పుడు, ఎన్నికల ముందు రోజు, "ఒక్కటి తియ్యరాదే. గెలుస్తనా లేదా చెప్పు" అని బతిమాలారు. మేమందరం అక్కడే ఉన్నాం.

"తియ్య. ఊకె అడుగుత. ఓడినవనుకో, తెల్లారి లేచి ఏం చేస్తవ్?" అంది అక్క.

ఆయన కస్సుమని లేచిపోయారు. ఓడిపోయారు. తెల్లారి నేను పాల కోసం బయటికి వస్తే, పెరట్లో మిగిలిన ఒకే ఒక్క ద్రాక్షతీగకు పాదు చేస్తూ కనిపించారు. రాత్రంతా ఆలోచించి ఉంటారు. ఓడిన మనిషిని అంత ప్రశాంతంగా నేను ఎప్పుడూ చూడలేదు. మా ఆయనను నేను ఇరవై ఏళ్లలో అలాంటి ప్రశ్న ఒక్కటైనా అడిగానా అని ఆ రోజంతా తల బద్దలు కొట్టుకున్నాను. కూర ఏం తెమ్మంటారు అన్నదే గుర్తొచ్చింది.

అసలు మంట ఇంకొకటి. నా కూతురు చదువు అయిపోయాక, తుర్కపల్లి దగ్గర మందుల కంపెనీ ల్యాబ్‌లో చేరింది. దుండిగల్ వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. పొలాలున్నవాళ్లు, అబ్బాయి మంచివాడు. నేను చెప్తే అది తల వంచుకుని అన్నం తిని లేచింది. ఒప్పుకుందనుకున్నాను. తెల్లారి అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది.

"చెల్లె, గా సంబంధం బిడ్డకు ఇష్టం లేదే."

"ఆ మాట నాకు చెప్పనీకి దానికి నోరు లేదా?"

"ఉన్నది. నువ్వు వినేటట్టు కూసోలే."

సంబంధం వద్దని కబురు పంపాను. సంబంధం పోయినందుకు కాదు నా బాధ. నా పిల్ల కాదన్న మాట ఇంకో ఇంటి మనిషి నోటి నుంచి నా ఇంటికి వచ్చింది. నాకు కావలసింది ఒక్కటే. అది బస్సు దిగి సంచి పడేశాక, ఒక్కసారి, నా ఎదురుగా కూర్చుని, అమ్మా ఇదీ సంగతి అని చెప్పాలి. అక్కకు రోజూ దొరికేది నాకు ఒక్కసారి చాలు అనిపించేది.

ఆ తర్వాత కొన్నాళ్లకు, ఒక సాయంత్రం గోడ దగ్గర కరివేపాకు తెంపుతున్నాను. అవతల ముందుగది తలుపు వేసి ఉంది. అయినా నా కూతురి గొంతు వినపడింది. గొంతు దానిది, మాటలు నావి. "నేనొక్కదాన్నే సావాల్నా గీ ఇంట్ల? పొద్దంత గా ఫోను. ఒక్క గిన్నె తీసి పెట్టరు. నేను పోయినంక తెలుస్తది మీకు." అచ్చం నా సాగదీత, చివర్లో నా నిట్టూర్పుతో సహా. ఆ వెంటనే ఇద్దరూ నవ్వారు.

చేతిలో కరివేపాకు రెబ్బ నలిగిపోయింది. నా ఇంటి బతుకు ఆ రంగుటద్దాల గదిలో వాళ్లకు ఆటైపోయిందని అనుకున్నాను. ఆ రాత్రి కూరలో ఉప్పు వేశానో లేదో కూడా తెలియదు. మర్నాడు కడీల సందులోంచి గాజుల చెయ్యి వచ్చింది. "పట్టు చెల్లె" అంది. నేను పట్టలేదు. గ్లాసును సందులోనే రాతి మీద పెట్టింది. టీ మీగడ కట్టేదాకా గ్లాసు అక్కడే ఉంది. నాలుగు రోజులు అలాగే పెట్టింది, నాలుగు రోజులు అలాగే తీసుకుపోయింది. ఐదో రోజు ఇంటికే వచ్చింది.

"ఏందే, మొఖం గట్ల పెట్టుకున్నవ్?"

"నన్ను చూసి నవ్వుకున్నరు గద ఇద్దరు. నేను విన్న."

అక్క చెబుతుందనుకున్నాను. "ఆడ మాట్లాడింది ఆడనే ఉంటది చెల్లె. నీకు కావాల్నంటే నీ బిడ్డనే అడుగు. నేనెందుకు నడుమల?" అంది.

అడగడానికి నాకు అహం అడ్డొచ్చింది. గ్లాసు మాత్రం ఆ రోజు నుంచి మళ్లీ పట్టుకున్నాను. టీ మీద నాకు పగ లేదు.

ఇంకో సంగతి. అక్క ఆ పత్తాలను ఒక ఆకుపచ్చ రైక ముక్కలో చుట్టి పెట్టేది. అది నేను పెట్టిందే. వాళ్ల పెద్దకొడుకు పెళ్లికి సికింద్రాబాద్ పోయి, నాలుగు దుకాణాలు తిరిగి, ఏరి తెచ్చాను. కుట్టించుకోలేదు. ఎందుకు కుట్టించలేదంటే, "మస్తు మెత్తగున్నదే, పత్తాలకు మంచిగుంటది" అంది. అందరూ పెట్టినవి కుట్టించుకుని, నాది మాత్రం గుడ్డలా వాడిందని పది మందికి చెప్పాను.

ఆమె జబ్బు ఎక్కువ రోజులు లేదు. ఆయాసం అంది, ఆసుపత్రిలో చేర్చారు. నేను క్యారియర్ పట్టుకుని పోతే, మంచం మీద కూర్చుని పక్క మంచం ఆమెతో మాట్లాడుతోంది. చేతిలో పత్తాలు లేవు. అయినా ఆమె అక్క వైపు తిరిగి మనసు విప్పి ఏదో చెబుతోంది. ఇక్కడ కూడానా అనుకున్నాను. నన్ను చూసి అక్క, "చెల్లె వచ్చింది, ఇగ నేను తింట" అంది. పచ్చిపులుసు వేసుకుని రెండు ముద్దలు తింది. "రేపు గూడ ఇదే తే" అంది. ఆ రేపటి కోసమే ఆ పొద్దున చింతపండు పిసుకుతున్నాను.

పదకొండో రోజు అయిపోయాక ఆడవాళ్లు మళ్లీ రావడం మొదలుపెట్టారు. ఏమీ అడగకుండా ఆ ముందుగదిలో కాసేపు కూర్చుని పోయేవాళ్లు. బావగారు ఆకుపచ్చ మూట తెచ్చి నా కూతురి ఒళ్లో పెట్టారు. "మీ పెద్దమ్మ నీకే ఇయ్యిమన్నది బిడ్డా" అన్నారు. నాకు ఇవ్వమంటుందని నేను అనుకోలేదు. అయినా ఆ మూట నా ముందు నుంచి పోతుంటే కళ్లు దాని వెంటే పోయాయి.

ఒక సాయంత్రం వచ్చినవాళ్లంతా వెళ్లిపోయారు. నేను గ్లాసులు సర్దుతున్నాను. నా కూతురు అక్క కుర్చీలో కాదు, ఎదుటి పీట మీద కూర్చుని మూట విప్పింది. "అమ్మా, కూసో" అంది.

"నేను ఇంటిదాన్ని. మీ పెద్దమ్మ నాకు తియ్యలే" అన్నాను.

"పెద్దమ్మ తియ్యలే. నేను తీస్త. కూసో."

కూర్చున్నాను. తీశాను. మంచు కురుస్తుంటే చినిగిన బట్టలతో ఇద్దరు నడిచిపోతున్న బొమ్మ. ఒకామె శాలువా కప్పుకుని ఉంది, వెనకాల ఒకరు కర్రల మీద కుంటుతున్నారు. వాళ్ల పైన పెద్ద కిటికీ, రంగుటద్దాలు, లోపల వెలుగు. గోడ ఇవతల నేను విన్న పాఠాల్లో ఇదీ ఉంది.

"గీ బొమ్మల నువ్వు యాడున్నవో చూపెట్టు" అంది నా కూతురు. అక్క మాట, అక్క నిదానం. ఆ నిదానం కూడా ఆమె దగ్గరే నేర్చుకుంది, నా దగ్గర కాదు.

"ఇంకెక్కడ? బయట. చలిలో. నువ్వూ మీ పెద్దమ్మా లోపల ఎచ్చగ కూసున్నరు. నేను ఇన్నేండ్లు గీ కిటికీ కిందనే తిరిగిన" అన్నాను. అనాలనుకోలేదు, వచ్చేసింది.

అది లేచి తలుపు దగ్గరికి వేసింది. ఇదే ఆ రెండో ప్రశ్న అని తెలిసింది.

"ఎవరి మీద నీకు మంట ఉన్నదో, ఇగ నువ్వే వాళ్లయి మాట్లాడు" అంది.

"అంటే?"

"అదేనమ్మా రెండోది. అందర్ని గదే అడుగుతుండె. అత్త మీద కోపముంటే అత్తవై మాట్లాడాలె. నేను నీ మీద చెప్పనీకి వస్తుంటి. చెప్పనియ్యకపోతుండె. మీ అమ్మవై చెప్పు అంటుండె. నేను నీ లెక్క అరుస్తుంటి, ఇద్దరం నవ్వుతుంటిమి, మల్ల నాకు ఏడుపొస్తుండె. సగం మాట కాంగనే నువ్వెంత అలిసిపోయినవో తెలుస్తుండె. అందుకే నీ ముందట కూసొని ఏం చెప్పాల్నో సమజ్ గాకపోతుండె."

ఆ కరివేపాకు సాయంత్రం కళ్ల ముందు తిరిగింది. ఆ గదిలో ఇన్నేళ్లు నా గొంతే వినపడిందని నాకు తెలియదు.

"ఇగ నువ్వు చెప్పు. పెద్దమ్మవై" అంది.

నాకు కోపం వచ్చింది. పోయిన మనిషి మాట నేనెలా మాట్లాడను? బొమ్మ వంకే చూస్తూ కూర్చున్నాను. కిటికీ లోపల ఎవరున్నారో కనపడదు ఆ బొమ్మలో. వెలుగు తప్ప ఏమీ లేదు. నోరు తెరిచాను. మాట అక్క మాటలాగే వచ్చింది, ఇన్నేళ్లు గోడ సందుల్లోంచి విన్నది కదా.

"నేను లోపలున్న చెల్లె. మీకు అగుపడ. ఈడ ఎచ్చగనే ఉన్నది. అందరు వస్తరు, కూసుంటరు, ఏడుస్తరు, పోతరు. నాకిద్దరు కొడుకులు, అన్నానికి తప్ప కూసోరు. నీ బిడ్డ రోజు వస్తది. వచ్చి నీ ముచ్చటే పెడ్తది. పొద్దుగూకంగనే లేచి నీ ఇంటికే పోతది. నేను గీ అద్దాలకెల్లి చూస్తుంట. బయట చలిల మీరిద్దరు పోతుంటరు. అరుసుకుంటనో, కొట్లాడుకుంటనో, ఇద్దరు కలిసే పోతుంటరు. నాకు మస్తు కుళ్లు పుడ్తదే చెల్లె. నీకు పత్తా తీస్తె గీ మాట నా నోట్లకెల్లి యాడ వస్తదో అని ఎన్నడు తియ్యలే."

అది నిజంగా అక్క మనసో, నేను కల్పించుకున్నదో నాకు తెలియదు. తేల్చడానికి ఆమె లేదు. కానీ ఆ బొమ్మలో నడిచేవాళ్లు ఇద్దరని అప్పటిదాకా నేను చూడలేదు. చలిలో ఉన్నది నేనొక్కదాన్నే అనుకున్నాను.

నా కూతురు కార్డు తీసి రైక ముక్కలో పెట్టి మూట కట్టింది. లేవకుండా నా ఎదురుగానే కూర్చుంది. "అమ్మా, నీకొకటి చెప్పాలె" అంది. చెప్పింది. అదేమిటో ఇక్కడ రాయను. ఆడ మాట్లాడింది ఆడనే ఉంటది.

బయటికి వచ్చేసరికి పొద్దు గూకింది. గోడ చివరి సందు దగ్గర అది ఆగి, "లైటు ఆర్పలేదమ్మా" అంది. వెనక్కి చూశాను. కిటికీలో ఎరుపూ పసుపూ వెలుగుతున్నాయి. లోపల ఎవరూ కనపడలేదు.

"ఉండనియ్" అన్నాను.

ఇద్దరం సందులోంచి దూరి మా వాకిట్లోకి వచ్చాం. దీపం పెట్టేవేళ దాటిపోయిందని అది నన్ను విసుక్కుంది, చెప్పులు ఎక్కడ పడేశావని నేను దాన్ని విసుక్కున్నాను. ఆ రంగులు మా ఇద్దరి మీదా పడుతూనే ఉన్నాయి.